క్లోజ్ ఫ్రెండా, క్లోస్ ఫ్రెండా? నా బల్ల మీది డిక్షనరీ గురించి

మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి సెలవు చీటీలో "ఐ వెంట్ నియర్ ద డాక్టర్" అని రాసింది. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లిందన్నమాట. అదే వారంలో విహారయాత్ర డబ్బులు అడిగితే ఒక పిల్లాడు "మనీ ఈజ్ నాట్ నియర్ మీ, టీచర్" అన్నాడు. నా దగ్గర డబ్బుల్లేవని వాడి బాధ. ఇద్దరికీ ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను. కానీ ఎందుకు తప్పు అని అడిగితే చెప్పడానికి నా దగ్గరే సరైన జవాబు లేదు. పద్నాలుగేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటిదాకా వాడిన చిన్న ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీలో క్లోజ్ అనే మాటకు "మూయు, దగ్గర" అని రెండు అర్థాలు పక్కపక్కన ఉంటాయి, అంతే. ఆ రెంటికీ పలకడంలో తేడా ఉందని గానీ, ఏది ఎక్కడ వాడాలో గానీ ఉండదు. ఆ తర్వాత విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్, కొనుక్కున్నాను. ఇప్పుడు ఇంకా కొత్త ఎడిషన్లు ఉన్నాయి. నాకు మాత్రం ఇదే అలవాటైపోయింది.

ఈ డిక్షనరీ మొదట తయారైంది ఇంగ్లండులో కాదు, జపాన్‌లో. హార్న్‌బీ అనే ఇంగ్లిష్ టీచరు అక్కడి విద్యార్థులకు చెబుతూ, ఇద్దరు సహచరులతో కలిసి రాశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. క్లాసులో పిల్లలు ఎక్కడ తడబడతారో చూసినవాడు మొదలుపెట్టిన పుస్తకం కాబట్టే నాకు దీని మీద నమ్మకం.

క్లోజ్ మాటనే చూడండి. ఇందులో ఆ ఒక్క స్పెల్లింగు రెండు వేర్వేరు మాటలుగా, ఒకటి, రెండు అని నంబరు వేసుకుని ఉంటుంది. మొదటిది మూయడం: చివర తేనెటీగ రొదలాంటి శబ్దం. రెండోది దగ్గర: చివర ఉత్త 'స్'. మనం ఎప్పుడూ "క్లోజ్ ఫ్రెండ్" అంటాం కదా, అది "క్లోస్ ఫ్రెండ్" అనాలి. నేనూ డిగ్రీ నుంచీ తప్పే పలుకుతున్నాను. మర్నాడు క్లాసులో పిల్లలందరినీ గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకోమన్నాను. "క్లోజ్ ద డోర్" అంటే క్లోజ్ మాట చివర్లో వేళ్ల కింద గొంతు అదురుతుంది. "క్లోస్ టు ద డోర్" అంటే క్లోస్ మాట చివర్లో అదరదు. నలభై మంది గొంతు పట్టుకుని జుమ్మని మోగుతుంటే పక్క గది నుంచి లెక్కల మాస్టారు వచ్చి చూసి వెళ్లారు. ఆ రోజు నుంచి ఆ తేడా ఒక్కరూ మర్చిపోలేదు.

రెండో క్లోస్ కింద అర్థాలు బోలెడు. ప్రతిదానికీ ముందు ఇది దేని సంగతో ఒక చిన్న మాటలో చెబుతారు: బంధం, పోటీ, శ్రద్ధ, వాతావరణం, అలాగ. దానివల్ల పేజీ అంతా చదవక్కర్లేదు, కావలసిన చోటికి నేరుగా వెళ్లొచ్చు. క్లోస్ మ్యాచ్ అంటే నువ్వా నేనా అన్నట్టు సాగింది. కొద్దిలో ప్రమాదం తప్పితే అదీ క్లోసే. ఉక్కపోసే రోజును కూడా క్లోస్ అంటారని నాకు ఇందులోనే తెలిసింది. పిసినారిని అనడం కూడా ఉందట, అది మాకు పెద్దగా పనికి రాలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది నియర్ మాట కింద గడి కట్టి ఇచ్చిన వివరణ. నియర్, క్లోస్ చాలా చోట్ల ఒకటే, కానీ కొన్నిచోట్ల ఒకటి వాడితే రెండోది కుదరదు. త్వరలో రాబోయే కాలానికి నియర్ ఫ్యూచరే. మనుషుల మధ్య చనువుకు మాత్రం క్లోస్. నాలుగు లైన్లలో అంత తేటగా చెప్పిన చోటు నేనింకెక్కడా చూడలేదు.

అయితే ఇది ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీ. మన 'దగ్గర' సంగతి దీనికి తెలియదు. మనకు డబ్బు దగ్గర ఉంటుంది, మాస్టారి దగ్గర చదువుకుంటాం, నీళ్లు ఇగిరి కూర దగ్గరపడుతుంది. వీటిలో దేనికీ నియర్ పనికిరాదని ఏ ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చెబుతారు? అందుకే ఆ పేజీ అంచున పెన్సిలుతో నేనే రాసుకున్నాను: డాక్టర్ దగ్గరికి అంటే టూ, నా దగ్గర ఉంది అంటే ఐ హావ్, మాస్టారి దగ్గర అంటే అండర్ లేదా విత్. పిల్లల తప్పులు దొరికిన కొద్దీ అంచు నిండిపోయింది, ఇప్పుడు ఒక కాగితం అంటించాను.

ఒక పిల్లాడు అడిగాడు, మూయడానికీ దగ్గరకీ ఒకే స్పెల్లింగు ఎందుకు టీచర్ అని. రెండూ మూయడం అనే ఒక్క లాటిన్ మాట నుంచే వచ్చాయి. ఎలా చెప్పాలా అనుకుంటుంటే మా అమ్మ మాట గుర్తొచ్చింది. "తలుపు దగ్గరగా వేసి రా" అంటుంది కదా! గడియ పెట్టకుండా రెక్కలు కలిపేసి రమ్మని. మూయడం, దగ్గర, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. వాడికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

పుస్తకం బరువు, పిల్లలు సంచిలో మోయలేరు. ఇంటికొకటి అనను గానీ, ప్రతి హైస్కూల్లో టీచరు బల్ల మీద ఒకటి ఉండాలి. తొమ్మిది, పది తరగతుల వాళ్లు సొంతంగా చూసుకోగలరు. అంతకంటే చిన్నవాళ్లకు మనం పక్కన కూర్చోవాలి.

మొన్న ఆ సెలవు చీటీ అమ్మాయే నోట్సు పట్టుకొచ్చింది. "మై గ్రాండ్‌మదర్ అండ్ ఐ ఆర్ వెరీ క్లోస్" అని రాసి, చివర 'స్' గట్టిగా పలుకుతూ చదివింది. చదివి ఆగి, "మా అమ్మమ్మ ఒంగోల్లో ఉంటుంది టీచర్, ఇక్కడ కాదు. అయినా క్లోస్ అని రాయొచ్చా?" అంది.

"రాయొచ్చమ్మా" అన్నాను.