డయాలసిస్ మంచం పక్కన టర్మక్స్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

ఆండ్రాయిడ్ ఫోన్‌లో లినక్స్ కమాండ్లు రాసి నడిపించే టర్మక్స్ అనే యాప్‌ను ఎలా దించుకోవాలో, అందులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎలా పెట్టుకోవాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కనుక నేను ఆ జోలికి పోవడం లేదు. చేతిలో వరుసగా ఒక గంట కూడా ఉండని మనిషి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అది ఎంతవరకు పనికొస్తుందన్నది మాత్రమే నా అనుభవంలోంచి చెప్పగలను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు సోమ, బుధ, శుక్రవారాల్లో హనుమకొండలో డయాలసిస్ జరుగుతుంది, వెంట ఉండేది నేనే. నాలుగు గంటలు యంత్రం మీద ఉంటాడు కదా, ఆ సమయమంతా నీదే కదా అని చాలామంది అన్నారు. నిజానికి అవి నాలుగు గంటలు కావు, ఐదేసి, పదేసి నిమిషాల ముక్కలు. బీపీ పడిపోతే నర్సును పిలవాలి, పిక్కలు పట్టేస్తే కాళ్లు నొక్కాలి, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమ చెయ్యి కదపకూడదు కాబట్టి లెక్క ప్రకారం ఇచ్చే రెండు గుక్కల నీళ్లయినా నేనే పట్టాలి. అంతకుముందు డబ్బు కట్టి చేరిన ఒక ఆన్‌లైన్ కోర్సు సాయంత్రం ఏడింటికి మొదలయ్యేది. ఇంటికి చేరి బాపుకు అన్నం పెట్టేసరికి క్లాసు సగం దాటేది, రికార్డింగులు చూద్దామంటే గడువు అయిపోయేది. ఆ డబ్బు గురించి ఇప్పటికీ మా అమ్మ దగ్గర ఎత్తను.

టర్మక్స్‌లో నాకు నచ్చింది ఒక్కటే: దాన్ని ఎప్పుడంటే అప్పుడు ఆపవచ్చు. పైథాన్ తెరిచి ఒక వరుస రాస్తే జవాబు వెంటనే వస్తుంది, యంత్రం మోగితే ఫోన్‌ను దిండు పక్కన పెట్టి లేస్తాను, తిరిగి వచ్చేసరికి ఆ వరుస అక్కడే ఉంటుంది. వార్డులో సిగ్నల్ అందదు, అయినా ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో హెల్ప్ అని రాసి అడిగితే నెట్ లేకుండానే చెబుతుంది. వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్ కీలా పనిచేస్తుంది కాబట్టి ఒక చెయ్యి బాపు కాలి మీద ఉన్నా రెండో చేత్తో ఫైలు సేవ్ చేయవచ్చు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ మొదటి ఆరు నెలలు నన్ను నిలబెట్టింది ఇదే.

ఆ ఆరు నెలల్లో రాసిన వాటిలో ముఖ్యమైనది బాపు బరువు లెక్క. డయాలసిస్‌కు ముందూ తర్వాతా బరువు చూస్తారు. రెండు విడతల మధ్య పెరిగే బరువు దాదాపుగా ఒంట్లో చేరిన నీరే. శుక్రవారం నుంచి సోమవారం వరకు ఎడం ఎక్కువ కాబట్టి ఆ పెరుగుదల వేరుగా, రెండు రోజుల ఎడంలో పెరిగింది వేరుగా సగటు కట్టే ప్రోగ్రామ్ అది. తేదీలు, బరువులు కామాలతో విడదీసి రాసిన ఒక సీఎస్‌వీ ఫైలు, నూటయాభై వరుసల కోడ్. నేనే రాశానని నమ్మలేక రోజుకోసారి ఊరికే నడిపి చూసుకునేదాన్ని.

ఒక ఆదివారం మా అక్క కొడుకు ఆట దించుకుందామని నా ఫోన్ తీసుకున్నాడు. రాత్రి చూస్తే టర్మక్స్ లేదు. "చిన్నమ్మా, ఫోన్ల జాగ లేదన్నది. ఆ నల్ల డబ్బా ఏం పని చేస్తలేదు గదా అని తీసేసిన" అన్నాడు. వాడు చూసింది నల్ల తెర మీద మెరిసే గీత ఒక్కటే, వాడినేమనగలను? టర్మక్స్ ఫైళ్లన్నీ ఆండ్రాయిడ్ ఆ యాప్‌కు కేటాయించిన సొంత చోటులో ఉంటాయి, యాప్‌ను తీసేస్తే అవి కూడా పోతాయి. ఈ హెచ్చరికను నేను మొదట్లోనే చదివాను, చదివి వదిలేశాను. ఆ రాత్రి ఏడవలేదు గానీ సోమ, బుధవారాల్లో వార్డులో ఫోన్ ముట్టలేదు.

బరువులు రాసుకున్న నోటుపుస్తకం మిగిలింది కాబట్టి శుక్రవారం మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడే తెలిసింది, పోయిన ప్రోగ్రామ్ మొదటి నుంచీ తప్పని. తేదీలను మనం రాసినట్టే రోజు-నెల-సంవత్సరం వరుసలో రాసి వాటిని మామూలు అక్షరాల్లా వరుసక్రమంలో పెట్టించాను. అలా పెడితే ఫిబ్రవరి రెండో తేదీ పక్కన మార్చి రెండో తేదీ వచ్చి కూర్చుంటుంది. ఎడం ఇరవై ఎనిమిది రోజులనో, మైనస్ రోజులనో వచ్చినప్పుడల్లా నేను టైపు చేయడంలో పొరపాటనుకుని, అలాంటి వరుసలను వదిలేయమని ఒక ఇఫ్ షరతు పెట్టాను. నెలలు గడిచేకొద్దీ నిజమైన వరుసలే ఎక్కువగా వదిలిపోతూ వచ్చాయి, మిగిలిన నాలుగైదింటి సగటును చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. అదృష్టవశాత్తు డాక్టరు చూసేది నోటుపుస్తకాన్నే, నా ప్రోగ్రామ్‌ను కాదు. సంవత్సరం-నెల-రోజు అని రాస్తే అక్షరాల వరుస, కాలపు వరుస ఒకటే అవుతాయన్నది అలా తెలిసింది. యాప్ పోకపోయి ఉంటే ఆ కోడ్‌ను మళ్లీ మొదటి వరుస నుంచి చదివేదాన్ని కాదు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ అనే సాధనం నేర్చుకున్నది కూడా ఆ తర్వాతే. వార్డులో కమిట్ చేసుకుని (అంటే మార్పులను గిట్‌లో నమోదు చేసుకుని), హనుమకొండ బస్టాండులో సిగ్నల్ రాగానే నెట్‌లోకి పంపుతాను.

ఆపిన వరుస అక్కడే ఉంటుందని పైన రాశాను. సేవ్ చేసిన ఫైలు విషయంలో అది పూర్తిగా నిజం. సేవ్ చేయకుండా వీడియో కాల్ ఎత్తితే మాత్రం, మెమరీ తక్కువున్న నా ఫోన్ వెనకాల నడుస్తున్న టర్మక్స్‌ను మూసేసిన సందర్భాలున్నాయి. తెలుగు సంగతి కూడా చెప్పాలి. ప్రతి అక్షరానికీ సమానమైన గడి ఇచ్చే టెర్మినల్‌లో, అంటే ఆ నల్ల తెర మీద, మన ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. బాపు చదువుకోవడానికి ఫలితాన్ని వెబ్ పేజీగా రాయించి, పైథాన్‌లోనే ఉన్న చిన్న సర్వరును నడిపి, బ్రౌజర్‌లో ఆ ఫోన్ సొంత చిరునామా అయిన లోకల్‌హోస్ట్ 8000 తెరిచి చూపిస్తున్నాను. అందులో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి.

లాప్‌టాప్ అక్కరలేదని మొదటి ఏడాది ఇద్దరు ముగ్గురితో గట్టిగా అన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కోడ్ రెండు వందల వరుసలు దాటాక పైనున్న ఫంక్షన్‌లో ఏం రాశానో గుర్తుపెట్టుకోవడానికే బుర్ర సరిపోయేది, మెడ నొప్పి అదనం. కొన్ని పైథాన్ లైబ్రరీలకు (ఇతరులు రాసిపెట్టిన సిద్ధ కోడ్‌కు) మామూలు లినక్స్ కోసం ముందే తయారుచేసిన ప్యాకేజీలు టర్మక్స్‌లో పనిచేయవు, లైబ్రరీలను పెట్టే పిప్ అనే సాధనం వాటిని ఫోన్‌లోనే మూల కోడ్ నుంచి తయారు (కంపైల్) చేయబోతుంది, ఫోన్ వేడెక్కుతుంది. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక మిగిలిన టికెట్ డబ్బుకు మరికొంత కలిపి ఒక పాత లాప్‌టాప్ కొన్నాను. రాత్రి బాపు పడుకున్నాక పెద్ద పని దాని మీదే చేస్తున్నాను.

నాకు ఇంకా ఉద్యోగం రాలేదు, వెతకడం కూడా సరిగ్గా మొదలుపెట్టలేదు. కాబట్టి ఉద్యోగానికి ఇది చాలునా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వరుసగా రెండు గంటలు కూర్చోగలిగిన వారు ముందే లాప్‌టాప్ చూసుకోవడం మేలు. నాలాగా మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవారైతే టర్మక్స్‌ను ప్రయత్నించండి, గిట్‌ను మాత్రం మొదటి వారంలోనే పెట్టుకోండి. నేను సోమవారం సంచిలో ఇప్పటికీ ఫోన్, ఛార్జరు మాత్రమే వేసుకుని వెళ్తున్నాను.