షార్ట్‌టర్మ్ కోర్సా, ఐటీఐనా, అప్రెంటిస్‌షిప్పా: ప్రభుత్వ ఖర్చుతో పని నేర్చుకోవడానికి ఏది మేలు?

పదో తరగతి దగ్గరో ఇంటర్ దగ్గరో చదువు ఆగిన పిల్లలకు టెక్నికల్ పని నేర్పించడానికి ప్రభుత్వం ముఖ్యంగా మూడు చోట్ల డబ్బు పెడుతోంది. నాలుగైదు నెలల్లో ముగిసే షార్ట్‌టర్మ్ కోర్సులు మొదటిది. ఏడాది, రెండేళ్ల ఐటీఐ రెండోది. కంపెనీలోనే పని నేర్చుకుంటూ స్టైపెండ్ తీసుకునే అప్రెంటిస్‌షిప్ మూడోది. ప్రభుత్వ కోటాలో మూడింటికీ జేబులోంచి పెద్దగా పెట్టేది ఉండదు కాబట్టి, చాలా ఇళ్లలో ఏది ముందు దొరికితే అందులో చేర్పించేస్తారు. అసలు చూడాల్సింది ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, దేనికి వెళ్తోంది అన్నది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పదో తరగతి పాసైన పిల్లలకు మంచి ఐటీఐలో ఒక ట్రేడ్ (ఫిట్టర్, వెల్డర్ లాంటి పని కోర్సు) పూర్తి చేసి, ఆ వెంటనే ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయడం అన్నిటికంటే గట్టి దారి. షార్ట్‌టర్మ్ కోర్సు దానికి తోడుగా పనికొస్తుంది గానీ, దాని స్థానంలోకి రాలేదు.

షార్ట్‌టర్మ్ కోర్సులు

వీటిలో పెద్దది ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన. 2015 జులైలో మొదలై ఇప్పుడు నాలుగో విడతకు వచ్చింది. ఇందులో డబ్బు శిక్షణ కేంద్రానికి వెళ్తుంది, అదీ ఒక్కో అభ్యర్థికి ఇన్ని గంటలు, గంటకు ఇంత అనే లెక్కన. అంటే ఆ శిక్షణ కేంద్రం నడిపేవాళ్లకు బ్యాచ్ నిండటం ముఖ్యం, పరీక్షలో పాస్ చేయించడం ముఖ్యం. పాత విడతల్లో కొంత సొమ్మును ప్లేస్‌మెంట్ చూపించాకే ఇచ్చేవాళ్లు. నాలుగో విడతలో ఆ ముడి తీసేశారు. అది తప్పు నిర్ణయమని నా గట్టి నమ్మకం. ఉద్యోగం వచ్చిందా లేదా అన్న బాధ్యత శిక్షణ ఇచ్చినవాళ్ల మీద కొంతైనా ఉండాలి.

మొదటి మూడు విడతల మీద ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. షార్ట్‌టర్మ్, స్పెషల్ ప్రాజెక్టుల కింద సర్టిఫికెట్ పొందినవాళ్లలో ప్లేస్‌మెంట్ దక్కింది 41 శాతం మందికే. చాలామంది అభ్యర్థుల బ్యాంకు ఖాతా వివరాలే రికార్డుల్లో సరిగ్గా లేవు.

సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే మెషిన్) ఆపరేటర్ కోర్సునే తీసుకోండి. కొన్ని నెలల్లో ప్రోగ్రామ్ చదవడం వస్తుంది, కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద జాబ్ రన్ చేయడం వస్తుంది. ఆ తర్వాత కుర్రాడు నిజం మెషిన్ ముందు నిలబడతాడు. టర్నింగ్‌లో, అంటే ముక్కను తిప్పుతూ గుండ్రంగా కోసే పనిలో, మొదటి పీస్ తీసి మైక్రోమీటర్‌తో కొలిస్తే బయటి వ్యాసం 0.02 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. ఆ తేడాను ఆఫ్‌సెట్‌లో, అంటే మెషిన్‌లో కొలత సరిచేసే అంకెలో, మైనస్ వేయాలి. టెన్షన్‌లో ప్లస్ వేస్తే తర్వాతి పీస్ ఇంకా లావొస్తుంది. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) అరుగుతోందని కోత చప్పుడు మారగానే పట్టుకోవాలి. ఇవి రోజూ చేస్తేనే చేతికి వస్తాయి. బ్యాచ్‌లో పాతిక ముప్పై మంది, మెషిన్ ఒకటో రెండో ఉన్న చోట ఒక్కొక్కరికి ఎంతసేపు దొరుకుతుంది? సెంటర్‌కు వెళ్లి చూసేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న అదే: మెషిన్లు ఎన్ని, మనిషికి రోజుకు ఎంతసేపు?

ఇవి దండగని మాత్రం అనను. ఐటీఐలో వెల్డర్ చేసినవాడు టిగ్ అనే రకం వెల్డింగ్ అదనంగా నేర్చుకోవాలన్నా, ఎలక్ట్రీషియన్‌కు సోలార్ పని కావాలన్నా ఇవే సరైనవి. అప్పటికే చేయి తిరిగి ఉంటుంది కాబట్టి నాలుగు నెలల్లో నేర్చుకున్నది నిలుస్తుంది. ఇంట్లో గడవడమే కష్టమైన గ్రామీణ పేద యువతకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఇంకో దారి. 2014 సెప్టెంబరులో మొదలైన ఈ పథకం ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా నడుస్తోంది. రెసిడెన్షియల్ సెంటర్లలో భోజనం, వసతి కూడా ప్రభుత్వానిదే. రెండేళ్లు ఆగే ఓపిక లేని ఇంటికి రెండేళ్ల ఐటీఐ గురించి ఎంత చెప్పినా లాభం లేదు, నిజమే.

ఐటీఐ

ఇక్కడ డబ్బు భవనానికి, మెషిన్లకు, ఇన్‌స్ట్రక్టర్ జీతానికి వెళ్తుంది. క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది.

ఫిట్టర్‌లో చేరిన కొత్తలో పిల్లలు బాగా విసుక్కుంటారు. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఫైలింగ్ చేస్తూనే ఉండాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే సందులోంచి వెలుగు కనపడకూడదు. కనపడితే మళ్లీ మొదటి నుంచి. కంప్యూటర్‌లో అయిపోయే కాలంలో ఇదంతా ఎందుకని తల్లిదండ్రులు కూడా అంటుంటారు. లోహం ఎంత ఒత్తిడికి ఎంత తెగుతుందో, కొలత తప్పడం అంటే ఏమిటో చేతికి తెలిసేది అక్కడే. ఆ పునాది ఉన్నవాడికి తర్వాత ఏ మెషిన్ ఇచ్చినా తొందరగా పట్టుబడుతుంది.

ఐటీఐల జబ్బు ఏమిటో అందరికీ తెలుసు: పాత లేత్‌లు, ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు, పరిశ్రమలో వాడకం మానేసిన పద్ధతులు. ఈ మధ్య డబ్బు ఇక్కడికి గట్టిగానే వస్తోంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. ఇందులో పెద్ద వాటా కంపెనీదే. ఈ పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. ఈ సెంటర్లలో చేరినవాళ్లకు నెలకు 2,000 రూపాయలు ఇస్తామని 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. కేంద్రం కూడా 2025 మేలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 30,000 కోట్లు, రాష్ట్రాలది 20,000 కోట్లు, పరిశ్రమలది 10,000 కోట్లు.

నా భయమల్లా ఒక్కటే. కొత్త మెషిన్ కొనడం తేలిక, దాన్ని రోజూ తిప్పడం కష్టం. కోయడానికి రా మెటీరియల్ కావాలి, అరిగిపోయే ఇన్సర్ట్‌లు కావాలి, కూలెంట్ కావాలి, చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి, అన్నిటికీ మించి ఆ మెషిన్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ కావాలి. ఇవి ఏటా అయ్యే ఖర్చులు. వీటికి నిధులు ఆగితే ఎంత ఖరీదైన మెషిన్ అయినా అద్దాల గదిలో ఉండిపోతుంది, పిల్లలు బయట నుంచి చూసి వెళ్తారు. అందుకే కొత్త సెంటర్ అనగానే చేరిపోకుండా, ఒక రోజు వెళ్లి మెషిన్ దగ్గర లోహపు పొట్టు పడి ఉందో లేదో చూడండి. పొట్టు ఉందంటే పని జరుగుతోందని అర్థం.

ఇంకో లాభం కూడా ఉంది. సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి పోస్టులకు అర్హత వస్తుంది. నాలుగు నెలల కోర్సు కాగితానికి ఆ విలువ లేదు.

అప్రెంటిస్‌షిప్

ఈ మూడింటిలో తక్కువమందికి తెలిసింది, ఎక్కువ లాభం ఉన్నది ఇదే. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద, 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవారికి నెలకు 6,000, ఐటీఐ అయితే 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. వీటిని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది.

ప్రభుత్వ వాటా రెండు రకాలు. 2016లో వచ్చిన ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతుంది. డిప్లొమా, బీటెక్ వాళ్లకు విద్యాశాఖ కింద ఉన్న నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం)లో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రానిదే. లెక్క చూడండి. ఏడాదికి ఒక్కో ఐటీఐ అప్రెంటిస్ మీద 25 శాతం పథకంలో ప్రభుత్వం పెట్టేది 18,000 రూపాయలు దాటదు. మెషిన్ కంపెనీది, రా మెటీరియల్ కంపెనీది, నేర్పే సీనియర్ జీతం కంపెనీది. పైగా ఆ మెషిన్ ఇప్పుడు మార్కెట్‌లో నడుస్తున్న మెషినే. ప్రభుత్వం పెట్టే ఒక్కో రూపాయికి ఇంతకంటే ఎక్కువ శిక్షణ నాకు మరెక్కడా కనపడలేదు.

రైల్వేలో దీనికి ఇంకో విలువ ఉంది. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అప్రెంటిస్‌ల కోసం దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ వేస్తే పరీక్ష ఉండదు, పది, ఐటీఐ మార్కుల మీదే ఎంపిక. ఐటీఐలో మార్కులను తేలిగ్గా తీసుకోవద్దని పిల్లలకు చెప్పడానికి ఇదొక్కటి చాలు.

లోపాలూ పెద్దవే. అప్రెంటిస్ పేరుతో తీసుకుని ఏడాదంతా ప్యాకింగ్‌లోనో లోడింగ్‌లోనో నిలబెట్టే చోట్లు ఉన్నాయి. ఇది శిక్షణ కాదు, తక్కువ కూలికి పని చేయించుకోవడం. చట్ట ప్రకారం అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు, చివర్లో ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం కూడా లేదు. కాబట్టి చేరే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. కాంట్రాక్ట్‌ను ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేశారా? అందులో రాసిన ట్రేడ్ మీ ట్రేడేనా? చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పరీక్షకు పంపుతారా? ఈ మూడింట్లో ఒక్కదానికి "తర్వాత చూద్దాం" అని జవాబొస్తే, ఆ చోటు వదిలేయండి.

ఎవరికి ఏది

పది పాసై రెండేళ్లు ఆగగలిగితే ప్రభుత్వ ఐటీఐ, ఆపైన అప్రెంటిస్‌షిప్. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో మంచి ర్యాంకు వస్తే డిప్లొమా ఇంకా మేలు, ఎందుకంటే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి ఉంటుంది. డిప్లొమా, బీటెక్ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు ఇంకో సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇంట్లో వెంటనే సంపాదన కావాలంటే రెసిడెన్షియల్ షార్ట్‌టర్మ్ కోర్సు, దాంతో దొరికిన పనిలో నిలదొక్కుకున్నాక అప్రెంటిస్‌షిప్.

అమ్మాయిల విషయం వేరేగా చెప్పాలి. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ లాంటి వాటిలో వాళ్లకు అవకాశాలు బాగున్నాయి. కానీ 7,000 స్టైపెండ్‌తో జీడిమెట్లలోనో శ్రీసిటీలోనో గది అద్దె, తిండి, ప్రయాణం అన్నీ చూసుకోవాలంటే ఇంటి నుంచి డబ్బు పంపాల్సిందే. చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గేది అక్కడే. కోట్లు పెట్టి మెషిన్లు కొంటున్న ప్రభుత్వాలు పారిశ్రామికవాడల పక్కన అప్రెంటిస్‌ల కోసం హాస్టళ్లు కట్టాలి, ముందు అమ్మాయిలకు. దానికి కొత్త పథకం పేరు కూడా అక్కర్లేదు, ఉన్న నైపుణ్య నిధుల్లోంచి కొంత తీసి పక్కన పెడితే సరిపోతుంది.