చౌమహల్లా: కార్లు తర్వాత, ముందు గోడలు చూడండి

చార్మినార్ దాకా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గానీ, అక్కడికి నడిచివెళ్లేంత దూరంలోనే ఉన్న నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లింది మాత్రం రెండేసార్లు. మొదటిసారి అందరిలాగే ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండ్లియర్ల కింద నిలబడి ఫోటోలు దిగి, పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసి, అయిపోయిందనుకుని వచ్చేశా. ఈసారి వెంట మా బాబాయి ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్న మనిషి. కార్ల వైపు కన్నెత్తి చూడలేదు, ఎంతసేపూ గోడలే.

నిజంగా చూడాల్సినవి అవే. స్తంభాల మీద, ఆర్చీల చుట్టూ ఉన్న పూలూ లతలూ రాతిలో చెక్కారనుకున్నా ఇన్నాళ్లూ. కాదు, డంగు సున్నంతో, అంటే గానుగలో మెత్తగా నూరిన సున్నంతో, చేసిన గచ్చు పని! "ఇలాంటి గోడకి సిమెంటు పూశామంటే చెమ్మ బయటికి పోయే దారుండదు, లోపలే ఉండిపోయి గచ్చు పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది" అన్నాడు బాబాయి. పాత ఇంటికి రిపేరంటే సిమెంటు, పైన పెయింటు అనుకునేవాళ్లం అందరం ఒకసారి ఇక్కడికి రావాలి.

18వ శతాబ్దం మధ్యలో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెడితే, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో గానీ పూర్తికాలేదు, అంటే వందేళ్ల పైమాటే. ఒకప్పుడు 45 ఎకరాలట, ఇప్పుడు మిగిలింది పన్నెండో పద్నాలుగో. ఆ మిగిలిందీ పాడుబడిపోతుంటే ఏడో నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని బాగుచేయించారు, 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డూ వచ్చింది. నాకు నచ్చిందేంటంటే, బాగుచేశాం కదా అని కొత్త పెళ్లికూతురిలా మెరిపించలేదు, వయసు వయసులాగే కనిపిస్తుంది.

దక్షిణం వైపు ఆవరణలో అఫ్జల్, మెహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ మహళ్లు నాలుగూ ఉన్నాయి, చౌ అంటే నాలుగు, చౌ మహల్ అన్న పేరే వాటివల్ల వచ్చింది. అయినా చాలామంది దర్బారు హాలు చూసి వెనక్కి తిరిగిపోతున్నారు, పాపం. బట్టలూ ఆయుధాలూ ఉన్న గదులు నేనైతే త్వరగానే దాటేశా. గచ్చు పువ్వుల మీద చెయ్యేసి ఫోటోలు దిగేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండింది, అన్నేళ్లు నిలబడ్డదాన్ని చేతి చెమటతో అరగదీస్తారా?

శుక్రవారం సెలవు. ఆదివారం జనం. మిగతా రోజుల్లో ఎప్పుడైనా, పొద్దున తలుపులు తీసేసరికి వెళ్లండి.