గురుగ్రహం లోతు: దూకి చూడాలా, పైనుంచే పట్టాలా?

హనుమకొండలో మేడ మీద గురుగ్రహం చూపిస్తుంటే మా అన్న కొడుకు అడిగాడు: "బాబాయ్, ఆ మబ్బుల కింద ఏముందో ఎట్ల తెలుస్తది?"

ఒక దారి, దూకడం. గెలీలియో నౌక పంపిన పరికరం 1995 డిసెంబరు 7న నేరుగా మబ్బుల్లోకి దిగింది. గంట కూడా పనిచేయలేదు గానీ, హీలియం లాంటి వాయువులను అక్కడికక్కడే కొలిచింది. పైనుంచి మైక్రోవేవ్‌లు (ఒక రకం రేడియో తరంగాలు) పట్టి చూసే రెండో దారిలో ఆ పని కాదు. నీళ్లు మాత్రం చాలా తక్కువ కనిపించాయి, ఎందుకంటే అది పడిందే పొడి చోట. మన దగ్గర ఒక్క బోరు ఫెయిలైతే ఊరంతా నీళ్లు లేవంటామా?

ఆ రెండో దారి జూనో నౌకది. 2016లో గురుగ్రహం చేరిన అది కిందికి దిగదు. లోపలి వేడి నుంచి వచ్చే మైక్రోవేవ్‌లను ఆరు చానళ్లలో, అంటే ఆరు వేర్వేరు తరంగ పొడవుల్లో పడుతుంది. 1.3 సెంటీమీటర్ల తరంగం పై పొరల సంగతి చెబుతుంది, 50 సెంటీమీటర్లది వందల కిలోమీటర్ల లోతు నుంచి వస్తుంది. పైగా తిరిగిన ప్రతిసారీ కొత్త చోటు చూస్తుంది.

నీళ్ల లెక్కకు నా ఓటు జూనోకే. గ్రహం మధ్యరేఖ దగ్గర అణువుల్లో సుమారు 0.25 శాతం నీరని 2020లో దాని కొలతలతోనే తేల్చారు. కాకపోతే అమ్మోనియా, నీరు, ఉష్ణోగ్రత కలగలిసిన సిగ్నల్‌ను విడదీయడం పెద్ద తలనొప్పి. దూకిన పరికరానికి ఆ బాధ లేదు.