రోజూ నింపే గళ్ళ నుడికట్టు: ఆరేళ్ల తరువాత

గుంటూరు నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్ళే పాసింజరు బండిలో ఆరేళ్లుగా ఒకే దినపత్రిక గళ్ళ నుడికట్టును నింపుతున్నాను. ఇన్నాళ్ళకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. మరునాడు సమాధానాలు వేస్తారు కానీ, అవి ఎలా వచ్చాయో ఒక్క ముక్క కూడా రాయరు. తేలిక ఆధారాలకు ఆ అవసరం లేదు; గట్టిది తగిలినప్పుడు ఆ లోటు ఎంత వేధిస్తుందో మొన్న మాఘమాసంలో తెలిసింది.

ఆనాటి 14 అడ్డం ఆధారం ఇది: ‘సముద్రం నడుమ గుడి కూలితే దాటేందుకు దారి (3)’. సముద్రం, గుడి, దాటడం అనగానే నా మనసు రామేశ్వరం వెళ్ళిపోయింది. ‘సేతువు’ సరిగ్గా మూడక్షరాలు కావడంతో పెదకాకాని దాటేలోపే కలంతో రాసేశాను. కూలడం సంగతేమిటన్న సందేహం రాకపోలేదు గానీ, 1964 తుపానుకు కొట్టుకుపోయిన ధనుష్కోడిని తలచుకుని సరిపెట్టుకున్నాను.

నిలువు దగ్గర చిక్కు వచ్చింది. ‘గెల వేసి తాను పోతుంది, పిలకలను నిలుపుతుంది (3)’ అంటే అరటి తప్ప మరొకటి కాదు. దాని నడిమి గడిలో నా ‘తు’ కూర్చుని ఉంది. సేతువు మీద మమకారంతో అరటినే అనుమానించి, మంగళగిరి దాకా మరో చెట్టు కోసం వెతికాను. చివరికి ‘తు’ కొట్టేసి ‘ర’ వేశాక, కృష్ణా కెనాల్ దగ్గర ‘వారధి’ తట్టింది. రోజూ బండిలోంచి కనకదుర్గ వారధిని చూసే మనిషికి అంతసేపు పట్టడం సిగ్గుచేటే. అయినా ఇందులో సముద్రమెక్కడ, గుడి కూలడమెక్కడ? మరునాటి పత్రికలో ‘వారధి’ అని మాత్రమే ఉంది.

నాలుగో రోజున మా మేనకోడలి పెళ్ళి శుభలేఖ ప్రూఫు చూడటానికి అరండల్‌పేటలోని ఒక ముద్రణాలయానికి వెళ్ళాను. కంపోజు చేసే అమ్మాయి తెర మీద వేలు పెట్టి, “బాబాయ్‌గారూ, పెదకాకానిలో గుడి ఎగిరిపోయిందండీ, పెట్టేస్తాను” అంది. మల్లేశ్వరస్వామి గుడి ఎక్కడికి ఎగిరిపోతుందని ఒక్క క్షణం బిత్తరపోయి చూస్తే, అక్కడ ‘పెదకాకాన’ అని ఉంది. వారిధి అంటే సముద్రం. దాని నడిమి అక్షరం మీది గుడి కూలిస్తే వారధి. నేను నవ్వుతుంటే, తప్పు ఇంకెక్కడో మిగిలిందనుకుని ఆ అమ్మాయి శుభలేఖను మళ్ళీ మొదటినుంచి చదవసాగింది.

కూర్చినవారి నేర్పు అప్పుడు తెలిసింది. ఇంగ్లీషు పజిల్‌లో ఒక అక్షరం తీసేస్తే ఒక గడి తగ్గుతుంది. మన లిపిలో గుడి, కొమ్ము, దీర్ఘం వీటిలో ఏది తీసినా గళ్ళ లెక్క మారదు కనుక దొంగతనం బయటపడదు. పైగా వారిధిలో గుళ్ళు రెండున్నాయి, రి మీద ఒకటి, ధి మీద ఒకటి. కూలేది ఏదో ‘నడుమ’ అన్న మాట ముందే చెప్పేసింది. శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు ఇటువంటి కూర్పుల మీద ఎందుకు సరదాపడ్డారో అర్థమైంది.

ఇంత మెచ్చుకున్నా, ఈ స్థాయి ఆధారాలు నెలకు రెండో మూడో వస్తాయి. తక్కిన రోజుల్లో ‘తడబడిన’, ‘తిరగబడిన’ అంటూ అక్షరాలు కలగాపులగం చేసినవే ఎక్కువ. ఈగ, ఏరు అయితే వారం తిరగకుండానే మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. వివరణలు వేయమని రెండు కార్డులు రాశాను, ఫలితం లేదు.

బండిలో కూర్చునే చోటు, ముప్పావుగంట తీరిక ఉన్నవారికి ఈ పత్రిక కొనదగినదే. వచ్చే జూన్‌లో పదవీ విరమణ చేశాక నేను కొంటానో లేదో చెప్పలేను, ఎందుకంటే ఇంట్లో వేయించేది వేరే పత్రిక. గుట్టు తెలియకపోతే నిద్రపట్టనివారికి మాత్రం, వివరణలు వేసేదాకా, దీన్ని సిఫారసు చేయను.