నర్సుల కోసం ఎనిమిది వారాల బృంద కౌన్సెలింగ్: నా సమీక్ష

అత్యవసర విభాగంలో ఒకే రాత్రి డ్యూటీలో ఇద్దరు పిల్లల మరణాన్ని దగ్గరుండి చూసిన తర్వాత నేను నెలల తరబడి సరిగా నిద్రపోలేదు. మానిటర్ అలారం లాంటి శబ్దం వినిపిస్తే చాలు, ఇంట్లో ఉన్నా చేతులు వణికేవి. ఆ స్థితిలోనే, తీవ్రమైన మానసిక దెబ్బ తర్వాత మనిషిలో రాగల మేలైన మార్పు, అంటే ఎదుగుదల గురించి నర్సుల కోసం ప్రత్యేకంగా నడిపే ఈ కౌన్సెలింగ్‌లో చేరాను.

ఎవరూ తొందరపెట్టకపోవడమే ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. మొదటి మూడు వారాలూ జరిగింది జరిగినట్టు చెప్పుకోవడానికే కేటాయించారు. వినేవాళ్ళందరూ నర్సులే కాబట్టి, సీపీఆర్ ఇక ఆపమని డాక్టరు అన్న క్షణంలో మన చేతులకు ఏమవుతుందో విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు. పిలవకుండా వచ్చి పీడించే జ్ఞాపకానికీ, కావాలని కూర్చుని చేసే ఆలోచనకూ ఉన్న తేడాను కౌన్సెలర్ ఎంతో ఓపికగా వివరించారు. ఎదుగుదల వచ్చేది దెబ్బ వల్ల కాదనీ, ఆ దెబ్బతో మనిషి పడే పెనుగులాట వల్లననీ ఆమె చెప్పినప్పుడు, ఆ పిల్లల మరణం నుంచి నేను లాభం పొందుతున్నానా అన్న అపరాధ భావం కొంత సడలింది.

లోపం ఆ ఎదుగుదలను కొలవడానికి ఇచ్చిన ప్రశ్నావళి దగ్గర ఉంది. మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ 1996లో ప్రచురించిన ఆ ప్రశ్నావళిలో 21 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు మార్కులు. ఇతరులతో అనుబంధం, కొత్త అవకాశాలు, ఆత్మబలం, ఆధ్యాత్మిక మార్పు, జీవితపు విలువ తెలియడం అనే ఐదు కోణాలను అది చక్కగానే పట్టుకుంటుంది. అయితే దాన్ని మొదటి రోజే చేతికివ్వడంతో, తక్కువ మార్కులు వచ్చిన ఒక సహోద్యోగిని పరీక్ష తప్పినట్టు తలదించుకుంది. పైగా అది మేలైన మార్పునే అడుగుతుంది తప్ప, మిగిలిన గాయం ఎంతో అడగదు. ఎనిమిదో వారంలో నా మార్కులు బాగా పెరిగాయి, అదే వారం పీడకలలూ వచ్చాయి. ఎదుగుదలా బాధా ఒకే మనిషిలో కలిసి ఉండగలవని నిర్వాహకులే చెప్పారు కాబట్టి, బాధను కొలిచే ప్రశ్నావళి కూడా ఇచ్చి ఉండవలసింది. రాత్రి డ్యూటీ దిగిన ఉదయమే సమావేశం పెట్టడమూ సరికాదు.

ఏడుస్తున్న జూనియర్‌ను ఒకప్పుడు పనిలోకి తరిమేదాన్ని, ఇప్పుడు తర్వాతి షిఫ్టుకు పని అప్పగించే హ్యాండోవర్‌కు ముందు పది నిమిషాలు ఆమె పక్కన కూర్చుంటున్నాను. ఈ మార్పు ఇక్కడే మొదలైంది కాబట్టి తోటి నర్సులకు దీన్ని సూచిస్తాను. పీడకలలు, వణుకు తీవ్రంగా ఉన్నవారు మాత్రం ముందుగా మానసిక వైద్యుల్ని కలిసి, ఆ చికిత్సతో పాటు దీనికి వెళ్ళాలి.