కూలిపోవడమా, శిథిలమవడమా? రెండూ ఒకటి కాదండీ

మా విజయవాడ వన్‌టౌన్‌లో ఓ పాత పెంకుటిల్లు ఉంది, మా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, సున్నం పొరలు పొరలుగా రాలుతోంది, గోడ పగుల్లో రావి మొక్క లేచింది, దూలాలకి చెదలు. పోయిన వానాకాలం పక్కగోడ కాస్తా ధబేల్‌మని పడింది. అప్పుడు అందరూ "ఇల్లు కూలిపోయింది" అన్నారు. అంతకుముందు ఇరవయ్యేళ్లు దానికి జరిగిందేమో శిథిలమవడం!

అంటే కూలడానికి ఒక క్షణం చాలు, శిథిలమవడానికి ఏళ్లు పట్టాలి. శిథిల అనే సంస్కృత మాటకి అసలు అర్థమే వదులైనది, సడలినది అని. పట్టు సడలుతూ సడలుతూ పోవడమన్నమాట. కొండపల్లి కోట చూడండి, శిథిలాలు అంటాం, అక్కడ ఇంకా గోడలు నిలబడే ఉన్నాయిగా. (ఇది శిధిలం కాదు, థ ఒత్తుతో శిథిలం, దయచేసి అలాగే రాయండి.)

ఇంకో తేడా ఏంటంటే కూలుకి కూల్చు ఉంది, ఎవరో పూనుకుని కూల్చేస్తారు, శిథిలానికి అలా చేసినవాడెవడూ ఉండడు, పట్టించుకోకపోతే చాలు దానంతటదే అవుతుంది. అందుకే నాకు ఆ మాటే ఎక్కువ బాధగా అనిపిస్తుంది.

మనుషుల విషయానికొస్తే మాత్రం కూలిపోవడమే. కొడుకు కబురు విని ఆవిడ గుమ్మంలోనే కుప్పకూలిపోయింది అంటాం, శిథిలమైంది అనం. ప్రభుత్వాలూ అంతే, కూలతాయి.

కట్టకైతే ఈ రెండూ కాదు, గండి పడటమే. 2024 సెప్టెంబర్లో మా విజయవాడ దగ్గర బుడమేరు వాగు కట్టకి పడ్డట్టు.